గాజుకు కట్టిన డైపర్లు

రైలు ఆగింది. మనవడు ఆగలేదు.

నా విదేశయాత్ర మొత్తం ఈ రెండు ముక్కల్లోనే ఉంది. కానీ రెండు ముక్కలు చెప్పి ఊరుకునే నోరు కాదు నాది. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, నాలుగు ముక్కలు పెట్టి మరీ చెబుతుంది.

నాది అద్దాల కొట్టు. అద్దాలు ఎవరైనా అమ్ముతారు. ఆ అద్దాలకు అడ్డాలు పెట్టి, పెట్టె కట్టి, పొరుగూళ్ళకు పంపడంలో ఉంటుంది పనితనం. నేను కట్టిన పెట్టె లారీ మీంచి దొర్లినా సరే, లోపలి సరుకు పగలంతా పగలదు, రాత్రంతా చెదరదు. మా ఇంట్లో తాతల నాటి అలవాటొకటి ఉంది. ప్రయాణంలో గాజు వెంట ఉంటే దాని చుట్టూ గడ్డీ పొట్టూ కూరం. దారిలో మనకు పనికొచ్చే మెత్తటి వస్తువులే కూరతాం. తువ్వాళ్ళు, దుప్పట్లు, మేజోళ్ళు. ఊరు చేరి విప్పామంటే గాజుకి గాజు దక్కుతుంది, బట్టకి బట్ట దక్కుతుంది, మోసే సంచి ఒకటి తగ్గుతుంది. మా నాన్న నాకు వదిలి వెళ్ళిన ఆస్తి ఈ కిటుకొక్కటే.

ఆ కిటుకే మమ్మల్ని కటకటాల్లో పెట్టింది.

మా అమ్మాయి గాజు ఊదుతుంది. తోటిపిల్లలు గాజులు తొడుక్కుని మురిసిపోయే వయసులో ఇది గాజు కరిగించి మురిసిపోయింది. ప్రయోగశాలల్లో వాడే గొట్టాలు, బుడ్లు, మెలికల మెలికల సామాను, అన్నీ మంట ముందు కూర్చుని చేత్తో చేస్తుంది. మనవడు కడుపున పడ్డాడని తెలియగానే అది పనిచేసే చోట పెద్దలు "మంట దగ్గర ఎందుకమ్మా, హాయిగా విశ్రాంతి తీసుకో" అన్నారు. ఆ విశ్రాంతిలో ఉండగానే దాని బల్ల ఇంకొకరికిచ్చారు. అప్పట్నుంచి అది ఊదిందల్లా పిల్లాడి పాలగ్లాసు మీదే.

ఇన్నాళ్ళకి పరాయిదేశంలో ఒక గాజు కార్ఖానా పిలిచింది. "నీ చేత్తో చేసిన వస్తువు నువ్వే తెచ్చి చూపించు. చెక్కుచెదరకుండా మా బల్ల మీదికి వస్తే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. అమ్మాయి ఒక స్నేహితురాలి షెడ్డులో మంట అరువు తెచ్చుకుని, పిల్లాడు నిద్రపోయినప్పుడల్లా పరుగెత్తి వెళ్ళి ఒక గాజు చుట్ట చేసింది. లావుపాటి గొట్టం, దాని కడుపులో స్ప్రింగులా మెలితిరిగిన సన్నగొట్టం, నీళ్ళు వచ్చి పోవడానికి పక్కన రెండు పుల్లల్లాంటి చేతులు. ఆవిరిని చల్లార్చి చుక్కలు చుక్కలుగా దించే సాధనమట. "దీనికింత కష్టమెందుకే, మన బుడంకాయ రోజంతా చేసే పనీ ఇదేగా" అన్నాను. బుడంకాయ అంటే మా మనవడు. ఆ ఆకారానికి ఆ పేరు కాక ఇంకేం పెడతాం?

చుట్ట అలా పూర్తయిందో లేదో, షెడ్డు ఇలా మూతపడింది. ఇది పగిలితే ఇంకొకటి లేదు.

అల్లుడికి సెలవు లేదు, మా ఆవిడకి మోకాళ్ళు లేవు. అంచేత అమ్మాయి వెంట ఆయాగా నేను బయల్దేరాను.

విమానంలోనే బుడంకాయకి పాలపొడి మారింది. పాలపొడి మారాక పొట్ట మారింది. పొట్ట మారాక మా బతుకు మారింది. విదేశం వెళ్తే విశేషాలుంటాయనుకున్నాను, విరేచనాలున్నాయి. విమానం దిగి రైలెక్కి, కార్ఖానా ఉన్న ఊరికి ఇంక కాస్త దూరమే ఉందనగా, అటూ ఇటూ పొలాలు తప్ప పురుగు లేని చోట రైలు ఒక్కసారి నిట్టూర్చి ఆగిపోయింది. లైట్లు పోయాయి. చల్లగాలి పోయింది. అమ్మాయి చేతిసంచి వెతకడం మొదలెట్టింది.

"నాన్నా, డైపర్ల కట్ట ఎక్కడ పెట్టావ్?"

"భద్రంగా ఉందమ్మా."

"భద్రంగా అంటే ఎక్కడ?"

"భద్రంగా అంటే... భద్రంగానే."

"నాన్నా!"

అమ్మాయి తలెత్తి, సామాన్ల అరలో ఉన్న చెక్కపెట్టె వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపుకి గాజైతే కరిగిపోయేది.

"గాజుకి కట్టావా?"

"గాలీ దూదీ కలిసిన మెత్తమ్మా అది! అంత బంగారంలాంటి మెత్త నా సర్వీసులో ఎప్పుడూ చూళ్ళేదు. ఎటు వంచితే అటు వంగుతుంది, అంటుకోవడానికి అంచులకు పట్టీలు కూడా వాడే పెట్టాడు."

"పిల్లాడికి కట్టాల్సినవి గాజుకి కట్టావా?"

"దిగాక కొత్త కట్ట కొందాం కదా, దిగేదాకా చేతిసంచిలోవి చాలతాయని లెక్కేశాను."

"ఆ లెక్కలో రైలు ఆగడం ఉందా?"

"లేదు. వీడు ఆగకపోవడం కూడా లేదు."

ఇంతలో రైలు ఉద్యోగి వచ్చాడు. నల్లకోటు, నవ్వని మొహం. అమ్మాయికి వాళ్ళ భాష వచ్చు కాబట్టి మాట్లాడి నాకు చెప్పింది. రైలుకి ఎదురుగా కరెంటు తీగ తెగి పట్టాల మీద పడిందట. తలుపులు తెరవకూడదట. కిటికీలు అసలే తెరుచుకోని రకం. డీజిలింజను వచ్చి లాక్కెళ్తుందట. ఎప్పుడొస్తుందో రైలుకే తెలియదట. నీళ్ళు అయిపోయాయి కాబట్టి మరుగుదొడ్డికి తాళం వేశారట. మా పెద్దసంచి చివరి పెట్టెలో ఉంది, అక్కడికి దారి మూసేశారట.

"పిల్లాడున్నాడని చెప్పమ్మా."

"చెప్పాను. చూస్తూనే ఉన్నానన్నాడు."

"వాసన కూడా చూస్తున్నాడా?"

"అందుకే వెళ్ళిపోయాడు."

రైలుబండిని మనం పెట్టెలూ పెట్టెలూ అంటాం. ఎందుకంటామో ఆరోజు తెలిసింది. ఆ పెట్టెలో మేము, మా పెట్టెలో గాజు. రెండింటికీ గాలి లేదు. తేడా ఏమిటంటే గాజు చుట్టూ మెత్త ఉంది, మా చుట్టూ లేదు.

మా ఎదురు సీట్లో ఒకాయన పేపరు చదువుతున్నాడు. చదవడమేమిటి, మొహానికి అడ్డంగా కట్టుకున్నాడు. నేనాయనకి పేపరాయన అని పేరు పెట్టాను. ఆయన నాకేం పేరు పెట్టాడో ఊహించుకోగలను. డైపరాయన.

మా ఆవిడకి ఫోన్ చేశాను. విషయం విని ఒక్క క్షణం మౌనం వహించింది. మా సంసారంలో అది చారిత్రక ఘట్టం.

"మెత్తగా కనిపించిందల్లా మీకు మేతేనా అండీ? నేను ఇన్ని గుడ్డలు చింపి పెట్టానే, అవేవీ?"

"పెద్దసంచిలో ఉన్నాయి. అక్కడికి వెళ్ళనివ్వరట."

"వాటిని గాజుకి చుట్టి ఇవి చేతిలో పెట్టుకోవచ్చుగా?"

"గుడ్డ జారుతుందే, డైపరైతే—"

"మీ నోరు జారకుండా ఒకటి కట్టుకోండి ముందు. పిల్లకి ఫోనివ్వండి."

ఇచ్చే లోపల సిగ్నలు పోయింది.

మొదట నా తువ్వాలు మడిచి వాడికి కట్టాం. పూర్వం పిల్లలంతా గుడ్డల్లోనే పెరిగారు కదా అన్న ధైర్యం. పూర్వం పిల్లలకి బావులుండేవి, గిలకలుండేవి, ఉతికేవాళ్ళుండేవాళ్ళు. క్షణంలో తువ్వాలు తడిసింది, నా ఒళ్ళు తడిసింది, సీటు తడిసింది, పేపరాయన పేపరు మూల తడిసింది. కథ మలుపు తిరిగిందంటారే, మా కథ పూర్తిగా మలంవైపే తిరిగింది. పైగా వాడి తొడలు కందిపోయి ఎర్రటి పొక్కులు లేచాయి. ముట్టుకుంటే కెవ్వుమంటున్నాడు.

"పెట్టె దించు" అంది అమ్మాయి.

నేను కట్టిన పెట్టెని దారిలో విప్పడం నా జన్మలో అదే మొదలు. మూత తీస్తే లోపల తెల్లగా, గుల్లగా, పొందికగా డైపర్లు. అందులో ఎక్కడో గాజు. చూడముచ్చటగా ఉందని నోటిదాకా వచ్చింది గానీ, కూతురి మొహం చూసి మింగేశాను.

"పై వరస తీస్తాను. కానీ తీసినంత చోటూ వేరే మెత్తతో నింపాలి. పెట్టెలో ఖాళీ ఉంటే లోపలి వస్తువు కదులుతుంది. కదిలిందంటే—"

"తెలుసు నాన్నా. పుట్టినప్పట్నుంచీ వింటున్నాను."

పై వరస తీసి నా స్వెట్టరూ మఫ్లరూ కూరాను. బుడంకాయ పై వరసని చిత్తగించాడు. మధ్య వరస తీసి చొక్కా, మేజోళ్ళు, ఆఖరికి బనీను కూడా సమర్పించుకున్నాను. బుడంకాయ మధ్య వరసనీ చిత్తగించాడు. వాడు ఒక్కొక్కటి వేసుకుంటుంటే నేను ఒక్కొక్కటి విప్పుకుంటున్నాను. పాడైన డైపర్లన్నీ విమానాశ్రయం ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెట్టాం. అయినా ఇంగువ కట్టిన గుడ్డ ఎక్కడ దాగుతుంది?

పేపరాయన లేచాడు. ఇంకేముంది, తిట్టి పోతాడనుకున్నాను. ఆయన తన పేపరు పేజీలన్నీ విడదీసి, ఒక్కొక్కటే ఉండచుట్టి, పెట్టె మూలల్లో కూరమని నా చేతికిచ్చాడు. ఇచ్చి మళ్ళీ కూర్చుని, మొహానికి అడ్డం ఏమీ లేక, కిటికీలోంచి పొలాల్లోకి చూడసాగాడు. ఆ చూపులో పొలం లేదు, త్యాగం ఉంది.

ఇక మిగిలింది లోపలి వరస. గాజుని అంటుకుని ఉన్నది. పక్కచేతులు రెండింటి సందుల్లో వంచి పెట్టినవి.

బుడంకాయ మళ్ళీ మొహం ఎర్రగా చేసి మూలిగాడు. ఆ మూలుగు అర్థమేమిటో ఈపాటికి రైలు రైలంతటికీ తెలుసు.

"లోపలివి తియ్యి" అంది అమ్మాయి.

"తియ్యనమ్మా."

"నాన్నా!"

"అవి తీస్తే ఆ చేతులకి ఆసరా ఏదీ? చొక్కా లావు, కూరితే నొక్కి విరిచేస్తుంది. కాగితం మొరటు. ఇంజను తగిలిందంటే ఒక్క కుదుపు, పుల్లలా పుటుక్కుమంటాయి. నీ బల్ల, నీ మంట, నీ బతుకు అందులో ఉన్నాయే! వీణ్ణి ఒళ్ళో పెట్టుకుని నేను తడుస్తాను. ఎంతైనా తడుస్తాను."

"నువ్వు తడిస్తే ఆరతావు. వాడి తోలు ఊడుతోంది, చూడు." అమ్మాయి వాడి కాళ్ళు ఎత్తి చూపించింది. "పెట్టె నాకక్కర్లేదు. చుట్టని బయటికి తియ్యి, చేతుల్లో పట్టుకుంటాను."

"చేతుల్లోనా? ఎంతసేపు? పిచ్చా నీకు? గాజు పెట్టెలో ఉండాలి, కదలకుండా ఉండాలి. పగలకూడదంటే అదొక్కటే దారి."

అమ్మాయి నా వైపు చూడలేదు. పిల్లాడి పొక్కుల మీద ఊదుతూ అంది:

"పగలకూడదనే నన్నూ అందరూ ఇలాగే చుట్టిపెట్టారు నాన్నా. మంట దగ్గరికి పోకు, బరువెత్తకు, ఎండలో తిరక్కు. నువ్వూ కట్టావు ఒక వరస. నేను పగల్లేదు. ఊపిరాడలేదంతే."

ఎంత మాటకైనా ఎదురుమాట పడేసే నోరు నాది. ఆ క్షణాన దానికెవరో డైపరు కట్టినట్టయింది.

లోపలి వరస విప్పాను. కిటికీ వెలుగు పడి చుట్ట మెరిసింది. లోపలి మెలికలన్నీ కదలని నీటి సుడిలా ఉన్నాయి. దాన్ని తీసి అమ్మాయి చేతుల్లో పెట్టాను. అమ్మాయి మోచేతులు డొక్కలకి ఆనించి, వేళ్ళు విడదీసి, ఎక్కడా బిగించకుండా, ఎక్కడా వదలకుండా పట్టుకుంది. పచ్చిబాలింతలు పసిగుడ్డుని పట్టుకున్నట్టు అందామంటే, అసలు పసిగుడ్డు నా ఒళ్ళో ఉన్నాడు.

పెట్టె ఖాళీ కాగానే నా బట్టలు నాకు దక్కాయి. స్వెట్టరు వేసుకున్నాను. లోపలి డైపర్లు బుడంకాయకి ఎంతసేపాగుతాయి? అవీ అయ్యాయి. ఇక కట్టడానికి ఏమీ లేక, మంట తగ్గుతుందని చేతిసంచిలోని కొబ్బరినూనె తొడలకీ ఒంటికీ రాసి, చొక్కా పరిచి, దిసమొలతో ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. వాడికి మాత్రం హాయిగా ఉంది. రైల్లో హాయిగా ఉన్నవాడు వాడొక్కడే.

అలా ఉండిపోయాం. ఎంతసేపని చెప్పను? చెమట చుక్క అమ్మాయి నుదుటి మీంచి ముక్కు దాకా వచ్చి వేలాడుతుంటే నేను తువ్వాలు కోసం వెతికి, అది తువ్వాలుగా మిగల్లేదని గుర్తొచ్చి, చేత్తోనే తుడిచాను. అరచేతి పాటి ఖాళీ లేదు అడుగు వేయడానికి. లేచే వీలు లేదు, ఒరిగే వీలు లేదు. అడకత్తెరలో పోకచెక్క నయం, దానికి కత్తెర ఎప్పుడు బిగుస్తుందో తెలుస్తుంది. మాకు ఇంజనెప్పుడు తగులుతుందో తెలియదు.

"చేతులు లాగుతున్నాయా అమ్మా?"

"మాట్లాడకు నాన్నా. నవ్వొస్తే చెయ్యి కదులుతుంది."

"నేనిప్పుడు జోకులెక్కడ వేశానే?"

"నువ్వు స్వెట్టరు తిరగేసి వేసుకున్నావు."

నల్లకోటాయన వచ్చి ఏదో అరిచాడు. అందరూ సీట్లు పట్టుకున్నారు. "ఇంజనొచ్చింది" అంది అమ్మాయి. అనడం, తగలడం ఒక్కసారే అయ్యాయి.

దబ్!

రైలు వెనక్కి తన్ని ముందుకి దూకింది. నూనె రాసిన బుడంకాయ నా ఒళ్ళోంచి, చొక్కా మీంచి, సబ్బుబిళ్ళలా జారాడు. పట్టుకుందామంటే లాగూ లేదు, పట్టీ లేదు, ఎక్కడ చెయ్యేసినా నూనె. అమ్మాయి కళ్ళు వాడి మీద పడ్డాయి. దాని భుజాలు ముందుకొచ్చాయి. వేళ్ళు విచ్చుకోబోయాయి. ఏ తల్లి వేళ్ళైనా అంతే.

"వదలకు!" గావుకేక పెట్టాను. "వీణ్ణి నేను పట్టుకున్నా! నువ్వు దాన్ని పట్టుకో!"

నిజానికి ఆ మాట అనేసరికి నేనింకా పట్టుకోలేదు.

డైపర్లు గాజుకి కట్టిన మొనగాడి మాట. నమ్మడానికి ఒక్క కారణమైనా ఉందా? కానీ అమ్మాయి నమ్మింది. కళ్ళు గట్టిగా మూసుకుని, వచ్చిన కుదుపుకి ఎదురు నిలబడకుండా, దాంతోపాటే నడుం వరకూ ఊగి, చేతులు మాత్రం గాలిలో అక్కడే నిలిపింది. నేను సీటు మీంచి కిందికి పడి, ఒక్క చీలమండ దొరకబుచ్చుకున్నాను. బుడంకాయ తలకిందులుగా వేలాడుతూ, ఇదేదో కొత్త ఆట అనుకుని కిలకిలా నవ్వాడు. నవ్వుతో బాటు నా మొహం మీద అభిషేకం కూడా చేశాడు.

రైలు కదిలింది.

"నాన్నా?" అంది అమ్మాయి, కళ్ళు తెరవకుండా.

"ఉన్నాడమ్మా. తడిగా ఉన్నాడు, ఉన్నాడు. మరి చుట్ట?"

అమ్మాయి కళ్ళు తెరిచి చేతుల్లోకి చూసుకుంది. మెలికలు మెలికలుగానే ఉన్నాయి. చుట్ట పక్కచేతులు రెండూ ఉన్నాయి. పేపరాయన నేలమీద ఉన్న నన్ను లేవదీయబోయి, ఎక్కడ పట్టుకుని లేవదీయాలో తెలియక, చివరికి చెవి పక్కన తట్టాడు.

కార్ఖానా స్టేషను ఎదురుగానే ఉంది. పెద్దసంచి తర్వాత తెచ్చుకోవచ్చని స్టేషనులోనే అప్పజెప్పాం. అమ్మాయి చుట్టని చేతుల్లోనే పట్టుకుని రోడ్డు దాటింది. పెట్టెలో పెడతానన్నా వినలేదు. వెనక నేను, చొక్కాలో చుట్టిన మనవడు. మా వెనక మా ఖాళీ పెట్టె మోసుకుంటూ పేపరాయన. ఆయన పెట్టె దించి, నా చేతిలోని ప్లాస్టిక్ సంచికి ఒక దండం పెట్టి వెళ్ళిపోయాడు.

కార్ఖానా మేస్త్రీ ముసలాయన అప్పటికే పని ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. అమ్మాయిని చూసి మొదట పెట్టె కోసం వెతికాడు. అమ్మాయి చేతులు చాచింది. తీసుకోబోతే దాని వేళ్ళు విప్పుకోలేదు, అంతసేపూ పట్టి కొయ్యబారిపోయాయి. ఆయన ఒక్కొక్క వేలూ మెల్లగా విడదీసి చుట్టని అందుకున్నాడు. రెండు నల్లటి గాజుపలకల మధ్య పెట్టి వెనక దీపం వేశాడు. గాజు లోపల బిగువు దాగి ఉంటే రంగురంగుల చారలు కనిపిస్తాయట. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. చారల్లేవు. ఆయనేదో అన్నాడు. అమ్మాయి చేతులు ఎగరేసి చూపించి ఏదో చెప్పింది, రైలు కుదుపు సంగతి కాబోలు. ఆయన బల్ల దగ్గర స్టూలు లాగి, మంట వెలిగించి, ఒక గొట్టం అందించాడు. చేసి చూపించు అని కాబోలు.

నేను బయట వరండాలో కూర్చున్నాను. అద్దం అవతల అది, ఇవతల నేను. బుడంకాయ నా ఒళ్ళో నిద్రపోయాడు. రోజంతా ఇల్లు పీకి పందిరేసినవాడు ఇప్పుడే నిద్రపోవాలా? కొత్త కట్ట కొందామంటే కొట్టు ఎదురుగానే కనిపిస్తోంది. లేస్తే వీడు లేస్తాడు. వీడు లేస్తే అమ్మాయి లేస్తుంది.

ఫోను మోగింది. మా ఆవిడ.

"ఏవండీ! ఏమైంది? పగల్లేదు కదా?"

"ఏదీ పగల్లేదు. మంట ముందు కూర్చుంది నీ కూతురు. బుగ్గలు పొంగించి ఊదుతోంది, ఎన్నాళ్ళకో."

"అమ్మయ్య! పని ఇస్తారటా?"

అప్పుడే అద్దం అవతల మేస్త్రీ వంగి ఏదో అడిగాడు. అమ్మాయి మంట మీంచి చూపు తిప్పకుండా, ఊదుతూనే, ఎడమచేతి బొటనవేలితో నా వైపు చూపించింది. ఆయన తలెత్తి నన్ను చూశాడు. తిరగేసిన స్వెట్టరు, ఒళ్ళో పిల్లాడు. తల ఊపి, గోడకున్న చిలక్కొయ్య మీంచి ఒక ఏప్రాను తీసి అమ్మాయి బల్ల మీద పెట్టాడు.

ఆయనేమడిగాడో ఎవరూ తర్జుమా చేయక్కర్లేదు. 'పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారు?' అంతేగా?

"ఏవండీ, వింటున్నారా? మరి మీరెప్పుడొస్తున్నారు?"

ఒళ్ళో ఏదో వెచ్చగా తగిలింది. ముందు వెచ్చగా, తర్వాత చల్లగా.

"ఇప్పట్లో కదిలేలా లేనే" అన్నాను.